బందరుకోట

మేము ఇరువది సంవత్సరములుగా బాలురకు చరిత్ర బోధించుచున్నాము. “క్రీ. శ. 1759 లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి మచిలీపట్టణపు కోటను పట్టుకొనిరి” అను వాక్యమును ఏటేట చదివించితిమి, ఏటేట పరీక్షలో ప్రశ్నగా నిచ్చితిమి, సంవత్సరమును తప్పక వ్రాసిన బాలునకు మార్కు వేసితిమి. మేముండు గ్రామమునకును ఆ కోటకును పట్టుమని పది క్రోసుల దూరము లేదు. అయినను ఈ యిరువది సంవత్సరములలో ఒక్కసారియైన ఆ కోటను కన్నులార చూచి వత్తమని మాకు తోచలేదు. ఈ తప్పును మొదటనే యొప్పుకొనుట మంచిది. తాను చూడని దానిని చూచినట్లు చెప్పుటకు అలవాటుపడిన యుపాధ్యాయులు మేమొక్కరమే కామనియు నెఱుగుదుము.

గత సంవత్సరము ఈ పాఠమే చెప్పుచుండగా వెనుకబల్లమీద గూర్చున్న యొక కుఱ్ఱవాడు లేచి “మాస్టారండీ, ఆ కోట ఇప్పుడెవరిదండీ?” అని యడిగెను. తరగతియంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. కాని గంట కొట్టిన పిమ్మట ఆలోచించి చూడగా, నవ్వుటకు వలసిన ప్రశ్న కాదని తోచెను. ఎవరు పట్టుకొనిరో చెప్పితిమి. ఎవరినుండి పట్టుకొనిరో చెప్పితిమి. ఆ నేల యెవరిదో, ఆ రాత్రి చచ్చినవారెవరో, ఆ గోడ లేమైనవో చెప్పనేలేదు. ఆ వచ్చిన ఆదివారమున ఆ బాలునితోగూడ ఏడుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని బందరునకు బయలుదేఱితిమి.

బందరను మాటయే పారసీకులనుండి మనకు వచ్చినది. బందరనగా రేవు. మచిలీబందరు, మచిలీపట్టణము, మసూలీపట్టణము అని యీ పట్టణమునకు బహునామములు. క్రీస్తుశకము మొదటి రెండు శతాబ్దులలో యవన నావికులును భూగోళ గ్రంథకర్తలును ఈ తీరమును మసాలియా, మైసోలియా యని వ్యవహరించి, ఇచ్చటి సన్నని నూలుబట్టలను మెచ్చుకొనిరి. గోల్కొండ సుల్తానుల కాలమున ఇదియే వారి ముఖ్యమైన రేవు. ఇచ్చటినుండి యోడలు పెగూనకును, తెనాసరిమునకును, అచ్చీనునకును, పారసీక దేశమునకును పోవుచుండెడివి. కలంకారీ యద్దకపు బట్టలు, నీలిమందు, ఇనుము, ఉక్కు ఎగుమతియగుచుండెడివి. ఆ యోడల సొంతగాండ్రలో పారసీక వర్తకులుండిరి, మన కోమటులును బలిజలును ఉండిరి. సముద్రయానము చేసిన కులము చెడునని చెప్పువారు ఈ తీరపు పూర్వచరిత్రను ఒకసారి చదువుట యుచితము. సముద్రము మనకు నిషిద్ధమైన పిమ్మట అది యూరక యుండలేదు. పరుల యోడలను తెచ్చి మన గుమ్మమునొద్ద నిలిపినది.

పట్టణములోని పేటల పేర్లే చరిత్రగ్రంథమునకు విషయసూచిక వలె నున్నవి. వలందపాలెము కలదు; వలందులనగా హాలెండు దేశస్థులగు డచ్చివారు. పరాసుపేట కలదు, పరాసులనగా ఫ్రెంచివారు. ఇంగ్లీషుపాలెము కలదు. మా విద్యార్థులలో నొకనికి పరాసుపేటలో మేనమామ గలడు. వేసవి సెలవులన్నియు నచ్చట గడపిన యా బాలునకు పరాసు లెవరో ఆనాటివఱకు తెలియదు. అది వాని తప్పు గాదు. ఊరి పేరు విప్పి చెప్పని పాఠము మాది.

వలందులు 1605, 1606 సంవత్సరముల ప్రాంతమున వచ్చి గోల్కొండ సుల్తానుచే నాజ్ఞాపత్రము పొంది వర్తకశాల నెలకొల్పిరి. వారి సమాధులు నేటికిని పట్టణములో నున్నవి. పెద్ద పెద్ద రాతిపలకలపై వంశచిహ్నములను చక్కగా చెక్కించుకొనిరి. ఆంగ్లేయులు 1611 లో ‘గ్లోబు’ అను నోడపై వచ్చిరి. 1632 లో అబ్దుల్లా కుతుబ్‌షా వారికి వర్తకస్వాతంత్ర్యము నొసగుచు ఫర్మాను నిచ్చెను. చెన్నపట్టణము వారి చేత బడుటకు ఏడేండ్లకు ముందటి మాట యిది. ఫ్రెంచివారు 1669 లో వచ్చిరి. వీరందఱును తొలుత త్రాసులతో వచ్చినవారే. 1686 లో గోల్కొండ ప్రభుత్వముతో వివాదము వచ్చినపుడు వలందులు పట్టణమునే కొంతకాల మాక్రమించిరి. వర్తకుడు ఆయుధము పట్టగలడని అప్పటికే తెలిసెను. తెలిసికొని జాగరూకులు కావలసినవారు మాత్రము తమలో తాము పోరాడుచుండిరి. మఱుసటి సంవత్సరమే ఔరంగజేబు గోల్కొండను గెలిచి ఆ రాజ్యమును రూపుమాపెను.

కోట పట్టణములో లేదు. పట్టణమునకు ఆగ్నేయముగా రెండు మైళ్ల దూరమున, సముద్రపు పాయ యొడ్డున, బురదనేలల నడుమ నున్నది. పూర్వము ఒక కట్టమీదుగా మాత్రమే దానిని చేరవలసియుండెడిది. 1750 లో ఫ్రెంచివారు పుదుచ్చేరినుండి ఓడలపై వచ్చి దీనిని పట్టుకొని, ఐరోపా పద్ధతిని బలపఱచిరి. పదునొకండు బురుజులు, చుట్టును అగడ్త, అగడ్తకు వెలుపల రొంపి. శత్రువు వచ్చిన మోకాలిబంటి బురదలో రావలయును. ఇట్టి కోటను పట్టుట యసాధ్యమని వారి నమ్మకము. 1753 లో సలాబత్‌జంగు ఉత్తర సర్కారులను బుస్సీ కిచ్చివేసెను. శ్రీకాకుళము మొదలు కృష్ణవఱకు గల తెలుగుదేశము ఒక సంతకముతో చేతులు మాఱినది. అప్పుడు మన యభిప్రాయమును ఎవరును అడుగలేదు. అడుగవలెనని మనకును తోచలేదు.

బొబ్బిలి కథ తెలుగువారి కందఱకు తెలిసినదే. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు బొబ్బిలిని కూల్చుటయు, కొలదిదినములకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలో పొడిచి చంపుటయు మన బాలురు పాటలుగా వినియున్నారు. కాని ఆ కథ బందరుకోటలో ముగిసినదని చెప్పువారు తక్కువ. విజయరామరాజు తరువాత విజయనగరమున గద్దెనెక్కిన ఆనందగజపతిరాజునకు ఫ్రెంచివారిపై కోపము కలిగెను. అతడు ఆంగ్లేయులకు కబురంపెను. కలకత్తానుండి క్లైవు తన సేనాని యగు కర్నల్ ఫోర్డును బంగాళా సిపాయిలతోగూడ పంపెను. 1758 డిసెంబరులో చందుర్తియొద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు ఓడి బందరుకోటలో దాగుకొనెను. యుద్ధవ్యయమునకై నెలకు 50,000 రూపాయలు రాజు ఇచ్చునట్లు ఒడంబడిక. గెలుపు వచ్చిన పిమ్మట రూపాయలు మాత్రము రాలేదు. ఫోర్డు రాజును బతిమాలుచు, బెదరించుచు, కొన్ని వారములు పోగొట్టుకొని 1759 మార్చి 6 వ తేదీకి బందరు చేరెను.

అప్పటి ఆంగ్లేయ చరిత్రకారుడు ఓర్మ్ ఈ ముట్టడిని విపులముగా వర్ణించియున్నాడు. ముట్టడించువారి స్థితి ముట్టడింపబడువారి స్థితికంటె హీనముగా నుండెను. జీతములు లేక ఫోర్డుయొక్క తెల్లసోల్జర్లు మార్చిలో తిరుగబడిరి. అతడు వారిని మంచిమాటలతో సమాధానపఱచెను. వెనుకనుండి మఱియొక ఫ్రెంచి సేన రాజమహేంద్రవరము నాక్రమించెను. పడమటినుండి సలాబత్‌జంగు సుమారు ముప్పదియైదువేల సేనతో బెజవాడకు వచ్చెను. సముద్రముమీద ఫ్రెంచి యోడలు రానున్నవని వార్త. మార్చి 25 న మొదలుపెట్టిన ఫిరంగి ప్రయోగము ఏప్రిలు 7 వఱకు సాగెను. ఆనాడు లెక్కించి చూడగా రెండుదినములకు చాలినంత మందుగుండు మాత్రమే మిగిలియుండెను.

ఫోర్డు ఆ రాత్రియే కోటమీద బడ నిశ్చయించెను. నైరుతి దిక్కున బురదలోనుండి కొందఱు ముట్టడించినట్లు నటించిరి. కట్టవైపున ఆనందగజపతి సేన సందడి చేసెను. నిజమైన దండు ఈశాన్య భాగమున ఊసరవెల్లి బురుజని పేరొందినచోట ఎక్కెను. దండులో తెల్లవారు మున్నూటి నలువదియాఱుగురు, కొందఱు నావికులు, సిపాయిలు పదునాల్గువందలు. తెల్లవాఱునప్పటికి కాన్‌ఫ్లాన్సు లొంగెను. కోటలో చిక్కిన తెల్లవారు అయిదువందలు. సిపాయిలు మొదలగువారు రెండువేల యైదువందలకు పైబడి యుండిరి. పట్టుకొన్నవారికంటె పట్టుబడినవారే యధికము. ఒక వారము గడచిన పిమ్మట ఫ్రెంచి యోడలు మున్నూరుగురు సైనికులతో రేవుచేరి, కోటమీద పరుల జెండాను జూచి వెనుదిరిగెను. బెజవాడనుండి ముందునకు వచ్చిన సలాబత్‌జంగు, తమ్ముడు నిజామలీ హైదరాబాదును కబళించునేమో యను భయమున, మే 14 న ఆంగ్లేయులతో సంధి చేసికొని, తాను రక్షింపవచ్చిన నేలనే వారికి దానమిచ్చెను. ఉత్తర సర్కారులపై ఆంగ్లేయుల యధికారమునకు ఇది పునాదిరాయి.

ఈ కథను ఆంగ్లేయ గ్రంథములు ఫోర్డు సాహసకథగా చెప్పును. సాహసము కాదని మేమనము. కాని మృతుల లెక్కను చూడుడు. ఆ రాత్రి ఆంగ్లేయ పక్షమున చచ్చిన తెల్లవారు ఇరువదియిద్దఱు. చచ్చిన సిపాయిలు ఏబదిమంది. గాయపడిన తెల్లవారు అఱువదియిద్దఱు, సిపాయిలు నూటయేబదిమంది. తెల్లదొరలలో నాయకుల పేర్లన్నియు ఓర్మ్ వ్రాసెను. ఆ ఏబదిమంది సిపాయిల పేర్లు మన పాఠ్యపుస్తకములలో ఒకదానియందును లేవు. వారికెదురుగా గోడమీద నిలిచి కాల్చినవారిలోను అధికసంఖ్యాకులు ఈ దేశపువారే. ఇరువైపుల చచ్చినవారు మనవారు, ముట్టడికి ధనము మనది, నేల మనది, సంధిమీద మొహరు మన నవాబుది. గెలుపు మాత్రము మనది కాదు. ఒక రాజు పగ, ఒక నవాబు భయము, ఒకరి కొకరు తోడురాని దేశము, ఈ మూడును లేకున్న రెండుదినముల మందుగుండుతో ఎవరును ఈ దేశమును గెలువజాలరు. మేము బాలురకు సంవత్సరమును చెప్పితిమి, కారణమును చెప్పలేదు.

కోట గెలిచినవారికిని అది చాలకాలము దక్కలేదు. చెన్నపట్టణము పెరిగినకొలది బందరు తఱిగెను. కృష్ణానది తెచ్చు ఒండ్రుచే రేవు మెఱకపడి పెద్దయోడలు కొన్ని మైళ్ల దూరముననే లంగరు వేయవలసివచ్చెను. మాంచెస్టరు మరబట్టలు వచ్చి ఇచ్చటి సాలెవారి మగ్గములను, అద్దకమువారి పనిని పాడుచేసెను. ఇక మిగిలినదానిని సముద్రము చూచుకొనెను.

1864 నవంబరు 1 వ తేదీ రాత్రి తుపానుగాలి సముద్రమును తీరముమీదికి త్రోసెను. ఇచ్చట సముద్రము లోతులేనిది. నేల యరచేయివలె చదునైనది. గాలి తోసిన నీటికి అడ్డుపడు మిట్ట యొక్కటియు లేదు. సాధారణమైన పోటుమట్టముపై సుమారు పదుమూడడుగుల యెత్తున నీరు వచ్చి, తీరము పొడవున ఎనుబది మైళ్లు, కొన్నిచోట్ల లోనికి పదునేడు మైళ్లవఱకు వ్యాపించెను. ఒక్క రాత్రిలో ముప్పదివేలమంది మరణించిరి. కోట ముట్టడిలో నెల దినములకు పైగా చచ్చినవారిని ఇరుపక్షములను గూర్చి లెక్కించినను ఈ సంఖ్యలో లవలేశము గాదు. అయినను మా పాఠ్యపుస్తకములో 1759 కలదు, 1864 లేదు. రాజులు చేసిన మరణమునకు తేదీ యిచ్చి, ప్రజలు పొందిన మరణమునకు తేదీ యియ్యని చరిత్ర యెవరి చరిత్ర? ఆ యుప్పెన తరువాత కోట దండునకు పనికిరాక విడువబడెను.

మేము వెళ్లిన దినమున పట్టణము దాటగనే గాలిలో ఉప్పువాసన తగిలెను. బాట కిరువైపుల రొయ్యలచెరువులు, మడపొదలు, ఎండి తెల్లబాఱిన చవుడునేలలు. సమీపమున గిలకలదిండి చేపల రేవు. కోటయనగానే చిత్తూరువంటి, గోల్కొండవంటి కొండకోటల నూహించుకొని వచ్చిన బాలురు నిరాశపడిరి. ఇచ్చట ఎత్తైన దేదియు లేదు. పదునొకండు బురుజులలో ఒకదానినైన ఇది ఫలానా బురుజని చూపుటకు వీలులేకపోయెను. ఆయుధాగారమని చెప్పబడు ఇటుకకట్టడమును, ఘంటాగృహమును మిగిలియున్నవి. దళసరి గోడలు, కమాను ద్వారములు. సున్నము రాలినచోట బయటపడిన ఇటుకలు. ఇటుకల సందుల నుండి మొలచిన చెట్లు. కేంద్ర పురావస్తుశాఖవారు వీనిని రక్షిత కట్టడములుగా ప్రకటించిరి. ఆ ప్రకటనను బాలురచే చదివించితిమి. చదువుచున్న బాలునకు పదియడుగుల దూరమున గోడమీద ఎవరో తమ పేరును, తాము వలచినవారి పేరును బొగ్గుతో వ్రాసియుండిరి. బాలురు నవ్విరి. ఫోర్డు పేరు ఆ కోటలో మాకెక్కడను కనబడలేదు. ఈ బొగ్గుపేరు కనబడెను.

గోడనీడలో చేపలెండబెట్టుచున్న యొక ముసలమ్మ మమ్ము చూచి “బడిపిల్లలా బాబూ? ఏముందని చూడ్డానికొచ్చారు?” అని యడిగెను. మేము 1759 నాటి కథను రెండుమాటలలో చెప్పితిమి. ఆమె విని, “అదంతా మాకు తెలవదు బాబూ. ఉప్పెనేడు నా పెళ్లయి మూడు నెలలు. ఆ రాత్రి గాలికి మా పాక పోతే ఇంటిల్లిపాదీ ఈ గోడల చాటున తలదాచుకున్నాం. మాకు కోటంటే అదే” అనెను. ఆమె చెప్పినది 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెన. పదివేలమందికి పైగా బలిగొన్నది. 1864 కును దానికిని నూటపదుమూడేండ్ల యంతరము. ఈ నడుమ తంతితపాలా వచ్చెను, రైలు వచ్చెను, స్వరాజ్యము వచ్చెను. అయినను ఆ రాత్రి ఆమె కుటుంబమునకు దొరకిన యాశ్రయము పరదేశీయులు తమ తుపాకులకొఱకు కట్టుకొన్న గోడ మాత్రమే. ఆ తరువాతనే తీరమున తుపాను రక్షణగృహములు విరివిగా లేచినవి. నేడు తుపాను రాక దినములముందే తెలియుచున్నది. ఇది గొప్ప మేలు. కాని ఈ మేలు ఎన్ని ప్రాణములకు వెలగా వచ్చినదో బాలురు తెలిసికొనవలదా? తెలియనివారు హెచ్చరిక విన్నను ఇల్లు కదలరు.

మా విద్యార్థులలో నెవరును ఆమె మాటకు నవ్వలేదు. ప్రశ్న యడిగిన బాలుడు గోడను చేతితో తడవి చూచుచుండెను. తిరిగివచ్చునపుడు వాడు “అయితే ఆ అమ్మదేనండీ కోట” అనెను. అది చట్టప్రకారము సరియైన యుత్తరము గాదు, కోట ప్రభుత్వమువారిది. అయినను మేము దిద్దలేదు.

బందరు గత మొక్క యోటమియే గాదు. ఈ పట్టణముననే 1902 లో కృష్ణాపత్రిక పుట్టెను. 1910 లో కోపల్లె హనుమంతరావుగారు ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు మొదలగువారితో గూడి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. చేతిపనియు, దేశచరిత్రయు మన బాలురకు మనమే నేర్పుకొనవలెనని వారి సంకల్పము. కోట కోల్పోయిన యూరు బడి కట్టెను. పోగొట్టుకొన్నదానిని ఎట్లు తిరిగి సంపాదింపవలెనో ఆ పెద్దలెఱుగుదురు. నేడు మంగినపూడి ప్రాంతమున క్రొత్త రేవుపనులు 2023 లో ఆరంభమైనవి. రేవు మరల రావచ్చును. పూర్వము రేవు మనచేతినుండి యెట్లు పోయినదో తెలిసిన తరము దానిని నడపిన మంచిది.

తోడి యుపాధ్యాయులకు మాదొక్క మనవి. మీ పాఠశాలకు పది క్రోసులలోపల ఏదో యొక పాడుకోట, ఏదో యొక శాసనము, ఏదో యొక పాతచెఱువు ఉండకపోదు. పాఠ్యపుస్తకమున అది లేకపోవచ్చును. సంవత్సరమున కొక్క దినము బాలురను అచ్చటికి నడపించుడు. ఎవరు కట్టిరో, ఎవరు కూల్చిరో, ఎవరు మోసిరో, ఎవరు చచ్చిరో, నేడెవరు దాని నీడను బ్రదుకుచున్నారో అడుగనిండు. ఇందులకు ప్రభుత్వోత్తరువు లక్కఱలేదు. ఒక యాదివారము చాలును. ఊరిపెద్దలకును ఒక మనవి: పాతగోడ యిటుకను ఇంటికి తెచ్చుకొనుట పాపము గాకున్నను, తరువాతివారి పాఠమును దొంగిలించుట యగును.

ఈ సంవత్సరము మేము పరీక్షలో ప్రశ్నను మార్చితిమి. “బందరుకోట ఏ సంవత్సరమున పట్టుబడెను?” అని యడుగుట మాని, “ఎందుచేత పట్టుబడెను?” అని యడిగితిమి. తరగతిలో ముప్పదియెనమండుగురు గలరు. వారిలో పలువురు ఫోర్డు సాహసమని వ్రాసిరి. కోటకు వచ్చిన యేడుగురు మాత్రము వేఱువిధముగా వ్రాసిరి. మిగిలిన ముప్పదియొక్కరిని వచ్చు ఆదివారము తీసికొనిపోవ నిశ్చయించితిమి.